కత్తెర మొద్దుబారింది

జూలై 10, బుధవారం

ఇందుమూలంగా నాకు నేనే తెలియజేసుకునేది ఏమనగా: నిన్న కడపలో మా నాయన గొంతులోంచి సెనగ గింజంత గడ్డ తీశారు. ముక్కను పరీక్షకు పంపారు. అది క్యాన్సరో కాదో తేలడానికి పది పన్నెండు రోజులు పడుతుందట. ఆ మాట ఈ పుస్తకంలో రాయడం ఇదే మొదలు, ఇదే ఆఖరు.

రెండో సంగతి. డాక్టరమ్మ సరే అనేదాకా నాయన నోరు తెరవకూడదు. గుసగుస కూడా కూడదు. ప్రొద్దుటూరులో ఇరవై ఏడేళ్లుగా రోడ్డు అవతల పోయే మనిషిని కూడా ‘రాప్పా, చూసిపో, కొనేది తర్వాత’ అని పిలిచి కూర్చోబెట్టిన గొంతు అది. అంగడికి పోతే ఊరుకోలేడని అమ్మ ఆయన్ను ఇంట్లోనే కట్టిపడేసింది. చేతికి పలక, బలపం ఇచ్చాం. ఒకటో తరగతి తర్వాత ఇన్నాళ్లకు మళ్లీ పట్టుకున్న పలక మీద నాయన రాసిన మొదటి వాక్యం:

‘తీగకు నీళ్లు శుక్రవారం మాత్రమే.’


జూలై 11

తీగ అంటే అంగట్లోని మనీ ప్లాంట్. చదివిన పాపానికి ఎపిప్రెమ్నం ఆరియం అని ఒక్కసారి రాసి ఊరుకుంటాను. ఎమ్మెస్సీ బొటనీ చదివి లంగా ఓణీలు మడతపెడుతున్నవాడికి ఆపాటి హక్కుంది.

గల్లాపెట్టె పక్కన పాత పెయింటు డబ్బాలో దాని మొదలు. అక్కడి నుంచి స్తంభమెక్కి, పంచెల అర దాటి, చీరల గోడంతా చుట్టుకొని, వెనక గోడౌన్ తలుపు దాకా పాకింది. మేకులు కొట్టి, దారాలు కట్టి దానికి దారి చూపించింది నాయనే. ఏడాది పొడుగునా ఆకు రాల్చదు, పూత పూయదు, కాయ కాయదు, పచ్చగా ఉండటమే దాని ఉద్యోగం. వయసు ఇరవై ఏడు. నాకంటే మూడేళ్లు పెద్ద. ఇంటి పెద్దకొడుకు హోదా దానిదే, నాకు రాలేదు.

దాని పుట్టుక దొంగతనం. మనీ ప్లాంటు కొంటే అచ్చిరాదు. అడిగి తెచ్చుకున్నా అచ్చిరాదు. చేతులారా ఇస్తే ఇచ్చినవాళ్లకు అచ్చిరాదు. దొంగిలించాల్సిందే. మా నాయన జమ్మలమడుగులో నారాయణ శెట్టిగారి బట్టలంగట్లో గుమాస్తా. సొంత అంగడి పెట్టుకోవడానికి వచ్చేస్తూ వాళ్ల వరండాలోంచి జానెడు కొమ్మ కోసుకొచ్చాడు. జీవితంలో చేసిన ఏకైక నేరం అదేనని ఏటా దసరాకు చుట్టాలందరి ముందూ గర్వంగా ఒప్పుకుంటాడు.


జూలై 12, శుక్రవారం

ఒక చెంబు నీళ్లు పోశాను. రాజాజ్ఞ నెరవేరింది.


జూలై 14

మూడు ఆకులు పసుపు. నత్రజని లోపం. ఎమ్మెస్సీ ఊరికే పోలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతే నాయన పలక ఎత్తి చూపించాడు: ‘తీగ?’

“బ్రహ్మాండంగా ఉంది” అన్నాను.

‘ఫొటో.’

ఉగాదికి తీసిన ఫొటో ఫోన్లో చూపించాను. ఇది అబద్ధం కాదు. పాత నిజం.


జూలై 15

పదకొండు ఆకులు.

అల్లాబక్ష్ మామ ఇరవై ఏళ్లుగా మా అంగట్లో గుడ్డ కోస్తున్నాడు. తీగ వైపు చూడకుండానే అన్నాడు: “ఆకులు పండుతాండాయి పిల్లోడా.”

“కాలం మారుతాంది కదా మామా.”

“ఇదేమన్నా వేపచెట్టా, కాలం చూసుకొని ఆకు రాల్చనీకి? మీ నాయన ఉన్నప్పుడు ఒక్కటి పండలేదు.”

ఇద్దరం కలిసి ఒక చీరను నాలుగుసార్లు మడతపెట్టాం.


జూలై 16

మొదలు దగ్గర కాడ మెత్తబడింది. గల్లా చుట్టూ చిన్న దోమలు.

శాస్త్రం స్పష్టంగా ఉంది. గోడౌన్ వైపు కొస ఇంకా పచ్చగానే ఉంది. కణుపు చూసి దాన్ని కోసి నీళ్ల సీసాలో పెడితే వేళ్లు వస్తాయి. మొదలు పోయినా తీగ పోదు. డిగ్రీ మొదటి ఏడాది పాఠం. కత్తెర తీసుకొని బల్ల ఎక్కాను.

దిగాను. కత్తెర మొద్దుబారింది.


జూలై 17

తొలి ఏకాదశి, పీర్ల పండగ ఒకేరోజు వచ్చాయి. అంగడి మూశాం. అయినా అమ్మ పొద్దున్నే తాళాలు అడిగి తీసుకుపోయింది. దీపం పెట్టడానికట. పెట్టనీ.


జూలై 18

అదే కత్తెరతో అల్లాబక్ష్ మామ ఈరోజు నలభై మీటర్ల లైనింగు కోశాడు. పక్కన నిలబడి చూశాను. వెన్నలో పోయినట్టు పోయింది.

మళ్లీ బల్ల ఎక్కాను.

మొద్దుబారింది.


జూలై 19, శుక్రవారం

చెంబు నీళ్లు. ఆస్పత్రికి ఫోను చేస్తే రిపోర్టు ఇంకా రాలేదన్నారు. సోమవారమో మంగళవారమో.

అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు నాయన పలక మీద ‘వచ్చిందా’ అని రాశాడు. తల అడ్డంగా ఊపాను. అమ్మ అడుగుల చప్పుడు విని పంచె కొసతో గబగబా చెరిపి, దాని మీద ‘పప్పులో ఉప్పు తక్కువ’ అని రాసి ఆమెకు చూపించాడు. అమ్మ తిట్టింది. ఆ తిట్లు వినడానికి ఎంత హాయిగా ఉన్నాయో.


జూలై 20

పసుపు ఆకులు లెక్కపెట్టడం మానేశాను.

పథకం తయారైంది. జమ్మలమడుగు పోయి, ఈ తీగకు తల్లి అయిన ఆ తీగలోంచే కొమ్మ తేవాలి. బొటనీ ప్రకారం కొమ్మ నాటితే వచ్చేది బిడ్డ కాదు. అదే మొక్క. కాబట్టి పాతదాని చోట కొత్తది పెట్టడం మోసం కాదు. కాబట్టి ఇక్కడ చావు అనేదే జరగదు. కాబట్టి నాయనకు


జూలై 21, ఆదివారం

పొద్దున ఎనిమిదింటికి జమ్మలమడుగులో దిగాను. నారాయణ శెట్టిగారి ఇంటికి ముందు భాగమే లేదు. పక్కన మిక్సీలు బాగుచేసే హుమాయున్ అనే ఆయన్ను అడిగాను.

“శెట్టి పోయి శానా రోజులాయె. ఆయన ఇంటామె లక్ష్మీకాంతమ్మ కూతురింటికి పోయింది, పులివెందులకు. ఏం పనప్పా?”

“వాళ్ల వరండాలో ఒక తీగ ఉండాల...”

“వరండాయే లేదు, తీగ యాడిది? రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడతో పాటు పోయె. దానికోసం వచ్చినావా? అదేమన్నా మందు తీగా?”

తల్లి తీగ లేదు. అక్కడితో ప్రొద్దుటూరు బస్సు ఎక్కి రావలసినవాణ్ని. కానీ అలాంటి తీగను ఆమె ఊరికే వదిలిపోయి ఉండదనిపించింది. ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సెక్కాను. దారిలో దూరంగా కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు, మూడు వెదురు బొంగుల్లాగా. కణుపులు మాత్రం లేవు.

హుమాయున్ చెప్పిన గుర్తులతో పులివెందులలో ఇల్లు దొరికింది. ముందు వరండా, ఇనుప చువ్వలు, చువ్వల నిండా తీగ. ఆకు ఒక్కొక్కటి అరచేయంత, నూనె రాసినట్టు. నేనెంతసేపు అలా చూశానో, లోపలి నుంచి కేక వచ్చింది.

“ఎవురప్పా అది?”

తెల్లజుట్టు, ముక్కుకు రెండు వైపులా రవ్వల బేసరి, చేతిలో చేట. ఈమే లక్ష్మీకాంతమ్మ.

“ప్రొద్దుటూరు గంగాధరం శెట్టి కొడుకునవ్వా. శరత్ చంద్ర. ఆషాఢం తగ్గింపు కాగితం ఇచ్చిపోదామని వచ్చినా.”

“ఎన్ని కాగితాలు తెచ్చినావు?”

“ఒకటి.”

“నాకొక్కదానికి? ప్రొద్దుటూరు నుంచి?”

ఆమె కాగితం చూసింది. నన్ను చూసింది. నా చూపు ఎటు పోతున్నదో అటు చూసింది. చేట కింద పెట్టింది.

“ఎండన పడి వచ్చినావు. మజ్జిగ కలుపుకొస్తా కూర్చో. నాకు మోకాళ్ల నొప్పులు, తొందరగా రాలేను. పదైదు నిమిషాలు పడతాది. కత్తెర ఆ అరుగు మీద పెట్టినా, దాన్ని ఎవురూ ముట్టుకోరులే.”

పోతూ పోతూ తలుపు దగ్గరికి వేసి పోయింది.

ఇంతకంటే మర్యాదగా ఎవరూ ఎవరినీ దొంగతనానికి ఆహ్వానించి ఉండరు. కొమ్మ నా భుజానికి తగులుతున్నది. కత్తెర చేతిలో ఉంది. కొత్తది, తళతళలాడుతున్నది. మొద్దుబారిందని రాయడానికి లేదు.

పదిహేను నిమిషాలు నిలబడ్డాను.

ఆమె మజ్జిగ గ్లాసుతో వచ్చి తీగను పైనుంచి కిందికి చూసింది. మొహం మాడ్చుకుంది.

“ఏమీ పోలేదే! మీ ఇంట్లో దొంగతనం కూడా నేర్పలేదా నీకు?”

నవ్వాలనుకున్నాను. కంట్లో ఏదో పడింది. పులివెందులలో దుమ్ము ఎక్కువ. ఆ దుమ్ములోనే నాయన గొంతు సంగతి, పలక సంగతి, రాని రిపోర్టు సంగతి, మెత్తబడిన కాడ సంగతి అన్నీ చెప్పేశాను. ఆమె మజ్జిగ తాగమని గ్లాసు నా వైపు జరుపుతూనే ఉంది.

“మొదలు కుళ్లింది సరే. కొస పచ్చగుందంటివి. అది కోసి నీళ్లలో పెట్టొచ్చు కదా?”

“పెట్టొచ్చు.”

“నువ్వు సదివిందేంది?”

“బొటనీ.”

“అంటే?”

“చెట్ల సదువవ్వా.”

“దేవుడా!” అంది. తర్వాత గొంతు తగ్గించి, “చెయ్యి రాలేదా?” అంది.

రాలేదన్నాను. మొన్ననే నాయన్ను కోశారు, మళ్లీ నేనెట్లా కోసేది అన్నాను. బయటికి అన్నాక ఆ మాట ఎంత తిక్కగా ఉందో నాకే వినబడింది.

“ఇట్రా” అని చెయ్యి పట్టుకొని తీగ దగ్గరికి తీసుకుపోయింది. “ఇది ఎవురిది అనుకుంటాండావు? నాది గోడతో పాటే పోయె. ఆరేండ్ల కింద నా మనవరాలి ఓణీల పండక్కి మీ అంగడికి వచ్చినా. మీ నాయన నన్ను చూసినాడు. నేను తీగను చూసినా. ‘గోడౌన్లో కొత్త సరుకుందమ్మా, ఎతికి తెస్తా’ అని పోయినోడు ఇరవై నిమిషాలు రాలేదు. మీ గోడౌన్ ఎంతుంటది?”

“మంచమంత.”

“ఆఁ. మూరెడు కోసి సంచిలో ఏసుకున్నా. కొత్త సరుకు లేదమ్మా అంటా ఉత్త చేతులతో వచ్చినాడు మహానుభావుడు. మీ తీగకు ఏమన్నా అయిందా అప్పుడు?”

ఏమీ కాలేదు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. కోసిన సంగతే నాకు తెలియలేదు. కోసిన చోటి నుంచే రెండు కొమ్మలు చీలి గోడౌన్ తలుపు దాకా పాకాయి.

“నీళ్లెవురు పోస్తాండారు?” అంది బస్సుకు బయలుదేరుతుంటే.

“నేనే. శుక్రవారం ఒక చెంబు.”

“ఆ మాత్రానికి కుళ్లదే. ఇంకెవురో పోస్తాండారు. పోయి అడుగు.”


జూలై 22, సోమవారం

అంగడి తెరవగానే విచారణ సంఘం కూర్చుంది. అధ్యక్షుడు నేను. అమ్మను పిలిపించాను.

మొదటి ముద్దాయి, అమ్మ: “పోస్తాండా. అయితే ఏంది? రోజూ పొద్దున దీపం పెట్టే వంకన దేవుని తీర్థం తెచ్చి పోస్తాండా. ఆయన చేత్తో పెంచింది, అది బాగుంటే ఆయన బాగుంటాడని మొక్కుకున్నా. నీతో చెప్తే సైన్సు మాట్లాడతావు.”

రెండో ముద్దాయి, అల్లాబక్ష్ మామ, కింది చూపులతో: “దర్గా కాడికి పోయి నీళ్లు చదివించుకొచ్చినాప్పా, రెండు క్యాన్లు. మధ్యాన్నం నువ్వు అన్నానికి పోయినప్పుడు పోస్తాండా. శెట్టి కోసరం.”

అమ్మ, మామ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మూడో ముద్దాయి విచారణ సంఘం అధ్యక్షుడే. శుక్రవారం చెంబు కాక, పధ్నాలుగో తారీఖు నుంచి రోజూ సాయంత్రం యూరియా కలిపిన నీళ్లు. ఈ సంగతి నా పుస్తకంలో నేనే రాసుకోలేదు. నిన్న అవ్వకు కూడా చెప్పలేదు.

పొద్దున తీర్థం, మధ్యాహ్నం దర్గా నీళ్లు, సాయంత్రం ఎరువు. పెయింటు డబ్బా బోర్లిస్తే కింది చిల్లు మట్టితో పూడుకుపోయి ఉంది. వాసనకు గిరాకీకొచ్చిన ఒకామె బయటి నుంచే వెనక్కి పోయింది. వేళ్లు నల్లగా, నానిన కాగితంలాగా వేలికి అంటుకొని వచ్చాయి. ముగ్గురం కలిసి దాన్ని ప్రేమతో ముంచేశాం.

మామ చేతిలోంచి కత్తెర తీసుకొని బల్ల ఎక్కాను. గోడౌన్ వైపు మూడు మూరల పచ్చటి కొస, కణుపు కింద, ఒక్కటే వేటు. కింద అమ్మ కళ్లు మూసుకుంది. మామ పెదాలు కదులుతున్నాయి.

ఏమీ కాలేదు. రెండు చుక్కల నీరు కారింది, అంతే.

కొసను ఊరగాయ జాడీలో నీళ్లు పోసి గల్లా మీద పెట్టాను. మిగిలింది తీసి పారేశాం. గోడ మీద ఉత్త మేకులే మిగిలాయి. చూడటానికి బాగాలేదు. అయినా పొద్దుటి కంటే నయంగా ఉంది.

కత్తెర బాగానే ఉంది.


జూలై 23, మంగళవారం

కాదు.


జూలై 23, మళ్లీ

పదకొండు గంటలకు ఫోను వచ్చింది. ఇంట్లోనే ఉన్నాను. “మామూలు గడ్డే. ఇంకేం లేదు” అంది డాక్టరమ్మ. మళ్లీ చెప్పమన్నాను. చెప్పింది. స్పీకరు పెట్టి, “మేడం, మా అమ్మకు వినబడలేదు” అన్నాను. మూడోసారి కూడా విసుక్కోకుండా చెప్పింది. ఆమె ఇంటిల్లిపాది చల్లగా ఉండాలి.

అమ్మ గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. నాయన పలక తీసుకున్నాడు. ఏదో గొప్ప మాట రాస్తాడని ఇద్దరం చూస్తున్నాం. బలపం చాలాసేపు గాలిలోనే ఉంది. చివరికి రాశాడు:

‘కాఫీ.’

దాని కింద: ‘చక్కెర ఎక్కువ.’

అంగడికి పరిగెత్తి అల్లాబక్ష్ మామకు చెప్పాను. ఆ సమయంలో ఆయన ఒకామెకు జాకెట్టు ముక్క కోస్తున్నాడు. “కొలిచేది మర్చిపోయినాలేమ్మా, తీసుకుపో” అని రెండున్నర మీటర్లు ఇచ్చి పంపాడు. తర్వాత గోడౌన్లోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఇరవై నిమిషాలు రాలేదు.


జూలై 24

తిన్నాను. నిద్రపోయాను. లేచి మళ్లీ తిన్నాను. చరిత్రలో ఇంకేమీ జరగలేదు.


జూలై 26, శుక్రవారం

నాయనకు నిజం చెప్పాను. తీగ పోయింది, మూడు మూరలు మిగిలింది, చూపించింది పాత ఫొటో అని. చేతులు కట్టుకొని నిలబడి, తల వంచుకొని చెప్పాను.

పలక: ‘ఆ ఫొటోలో మామిడాకు తోరణం ఉంది రా. ఆషాఢంలో తోరణం ఎవడు కడతాడు.’

“మరి అప్పుడే ఎందుకు అడగలేదు?”

చెరిపాడు. మళ్లీ రాశాడు: ‘నువ్వు బాగుంది అంటాంటే బాగుండె.’

పలక మీద కూడా ఆయన మా సీమ యాసే రాస్తాడు.


ఆగస్టు 2, శుక్రవారం

జాడీలో నీళ్లు మార్చాను. అమ్మ, మామ ఇద్దరూ పక్కన నిలబడి కాపలా కాశారు. ఒకరినొకరు నమ్మడం లేదు. నన్ను అసలే నమ్మడం లేదు.


ఆగస్టు 4

కణుపు దగ్గర తెల్లగా, సేమ్యా పోగంత వేరు! నాయనకు ఫొటో తీసి చూపించాను. తోరణం ఎక్కడైనా ఉందేమోనని ముందు ఫొటో అంతా వెతికాడు.


ఆగస్టు 5, సోమవారం

శ్రావణం మొదలు. డాక్టరమ్మ కొంచెం కొంచెం మాట్లాడమంది. నాయన అంగట్లో కాలు పెట్టాడు. గల్లాకు దండం పెట్టాడు. ఉత్త మేకుల గోడ చూశాడు, ఆ చూపు తిరిగి తిరిగి మూల బోర్లించి ఉన్న పెయింటు డబ్బా మీద ఆగింది. వేలితో లోపలి మట్టి గీకి, వాసన చూశాడు.

దాదాపు నెల రోజుల తర్వాత మా నాయన నోటి వెంట వచ్చిన మొదటి మాట, సన్నగా, పక్కింటి రేడియోలాగా:

“ఎవురు రా ఇన్ని నీళ్లు పోసింది?”

అమ్మ, అల్లాబక్ష్ మామ, నేను ముగ్గురం ఫ్యాను వైపు చూశాం.


ఆగస్టు 9, శుక్రవారం

కొసను కొత్త మట్టిలో నాటి నాలుగు రోజులైంది. డబ్బా అదే, చిల్లు పెద్దది చేశాం. స్తంభానికి మొదటి మేకు దగ్గర కొత్త దారం కట్టాడు నాయన. ఈరోజు ఒక చెంబు పోశాడు. ఆయనే పోశాడు.

మధ్యాహ్నం మెహబూబున్నీసా అనే అమ్మాయి వచ్చింది. జమ్మలమడుగులో కుట్టు అంగడి పెడుతున్నదట, వచ్చే వారం నుంచి. లైనింగు, దారాలు, హుక్కులు అన్నీ కొన్నది. డబ్బులిచ్చాక కూడా పోవడం లేదు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నది. చూపు మాత్రం గల్లా పక్కన ఉంది.

“ఇది యాడ తెచ్చినారు శెట్టీ?” అని అడిగింది.

“తేలేదమ్మా” అన్నాడు నాయన. తర్వాత చేతిలోని కత్తెర గల్లా మీద, ఆమె వైపుకు పిడి తిప్పి పెట్టాడు. “శరత్తూ, గోడౌన్లో కొత్త లైనింగు దిగింది కదా, చూసొద్దాం రా. బక్షూ, నువ్వూ రాప్పా.”

గోడౌన్లో ఏ లైనింగూ దిగలేదు. మంచమంత చోటులో ముగ్గురం భుజాలు రాసుకుంటూ, గోడ వైపు మొహాలు పెట్టి నిలబడ్డాం. ఉన్నదే మూడు మూరలు, ఇప్పుడే మట్టి పట్టుకుంటున్నది. అది నా మనసులోని మాట.

అవతల టుక్కుమని శబ్దమైంది.

నాయన తల ఊపాడు.

“కత్తెర బాగా తెగుతాంది రా” అన్నాడు.